అభిమానం ఎవరిది?

తెలుగులో అభిమానం అనే మాటకి రెండు అర్థాలున్నాయి. ఒకటి ఇష్టం, రెండోది ఆత్మగౌరవం. మా గురజాలలో ఒక కుర్రాడు ఫలానా హీరో అభిమాని అంటే మొదటి అర్థమే తీసుకుంటారు. "ఆ పిల్ల అభిమానం గలది" అంటే మాత్రం రెండోదే. ఒకరితో మాట పడదని, నలుగురి నోళ్ళలో నానదని. ఆడపిల్లకి అభిమానం వుండాలి, అభిమాని మాత్రం కాకూడదు. సాహిత్యంలో డాక్టరేట్ తీసుకుని, సెమినార్లలో పత్రాలు చదివే నేను కూడా ఈ రెండర్థాల మధ్య ఇరుక్కునే సినిమాలు చూస్తూ వచ్చాను.

2022 ఆగస్టు 9న మహేష్‌బాబు పుట్టినరోజుకి 'పోకిరి'ని మళ్ళీ వేశాక, హీరోల పుట్టినరోజులకి పాత సినిమాలు ఆడించడం ఆనవాయితీ అయిపోయింది. మా వూళ్ళో అలాంటి ఆటొకటి పడితే వదినని తీసుకుని వెళ్ళాను. జనం రెండొందలకి మించి వుండరు. బయట ఫ్లెక్సీకి దండలు, కేకు, టపాకాయలు. లోపల చించిన కాగితాలు ఎగరెయ్యడం, ఈలలు. మేం అడుగుపెట్టగానే ఒక కుర్రాడు "మేడమ్ గారొచ్చార్రా, కాస్త తగ్గండి" అని కేకేశాడు. వెనక వరసలో రెండు కుర్చీలు చూపించి, ఫాను మా వైపు తిప్పించాడు. ఆట అయ్యేదాకా మా పక్కకి ఎవరూ రాలేదు. ఇంత మర్యాద ఏ యూనివర్సిటీలోనూ దొరకలేదు నాకు. కానీ ఆ మర్యాదతోనే మేం అతిథులమైపోయాం. పాట వస్తే లేచి నిలబడాలనిపించినా కూర్చునే వున్నాను. మర్నాడు పాలు పొయ్యడానికొచ్చినావిడ మా అమ్మతో "మీ అమ్మాయి రాత్రి హాల్లో కనపడిందంట గదా" అంది. నాయకురాలు నాగమ్మ మంత్రాంగం నడిపిన వూరు మాది. నలుగురిలో నిలబడిన ఆడదాన్ని ఆ పేరుతోనే ఎత్తిపొడవడం చిన్నప్పట్నుంచీ వింటున్నాను.

పెద్ద కూటం మరో రకం. గుంటూరు శివారులో ఒక మైదానం, పెద్ద హీరో సినిమాకి ప్రీ రిలీజ్ ఈవెంటు. పిడుగురాళ్ళ, సత్తెనపల్లి మీదుగా బస్సులో వెళ్ళాను. పాసులు, ఇనప బారికేడ్లు, స్టేజీకి రెండువైపులా పెద్ద తెరలు, ఎటు చూసినా తలకాయలే. అక్కడ నేనెవరి కూతుర్నో ఎవరికీ అక్కర్లేదు. పక్కన నలుగురు డిగ్రీ అమ్మాయిలు చున్నీలు తలకి బిగించి కట్టుకుని అరుస్తున్నారు. వాళ్ళలో ఒకమ్మాయి ఇంట్లో కంబైన్డ్ స్టడీ అని చెప్పి వచ్చిందట. వాళ్ళతో కలిసి నేనూ గొంతు పోయేలా అరిచాను. ముప్పైల్లోకొచ్చాక బహిరంగంగా అరవడం నాకు అదే మొదటిసారి.

హీరో వచ్చాడనగానే జనం ఒక్కసారి ముందుకి తోసుకున్నారు. ఎవరి చెయ్యో నడుము మీద పడింది. తిరిగి చూస్తే పది ముఖాలు, అన్నీ స్టేజీ వైపే. బ్యాగు గుండెలకి అడ్డం పెట్టుకుని ఆ గంటా గడిపాను. బాత్రూమ్ ఎక్కడుంటుందో తెలియక మధ్యాహ్నం నుంచే నీళ్ళు తాగలేదు. ఆఖరి బస్సు కోసం సగంలోనే బయటపడ్డాను. మగపిల్లలు చివరిదాకా వున్నారు.

చిన్న హాల్లో క్షేమం వుంది, దాంతోపాటే కాపలా వుంది. పెద్ద మైదానంలో కాపలా లేదు, క్షేమమూ లేదు.

చిరంజీవి అభిమాన సంఘాల మీద ఎస్.వి. శ్రీనివాస్ చేసిన పరిశోధన 2009లో 'మెగాస్టార్' పేరుతో ఇంగ్లీషు పుస్తకంగా వచ్చింది. అభిమానుల్ని వెర్రి మూకగా కొట్టిపారెయ్యకుండా, రాజకీయాల మధ్య పెట్టి చదివిన పని అది. అందులో కనిపించే సంఘాలు దాదాపుగా మగవాళ్ళవే. వున్నదే అది. మనం మాత్రం ఏం చేశాం? తెర మీది స్త్రీ పాత్రల గురించి బోలెడు రాశాం. కుర్చీలో కూర్చున్న స్త్రీ గురించి రాసింది తక్కువ. ఆడవాళ్ళని అలా చూపించే సినిమాలకి నువ్వు అభిమానివేమిటని స్నేహితురాళ్ళు అడుగుతారు. ఆ చూపించే తీరు నేనూ క్లాసులో విప్పి చెప్తాను. అయినా ఆ పాటలకి నా కాలు కదులుతుంది. ఈ రెండూ నాలోనే వున్నాయి. ఒకటి దాచిపెట్టి రెండోదాని గురించే రాయడం నాకిక కుదరడం లేదు.

2024 సెప్టెంబర్ 22న హైదరాబాద్‌లో 'దేవర' ఈవెంటు జనం పోటెత్తడంతో రద్దయింది. అదే ఏడు డిసెంబర్ 4 రాత్రి సంధ్య థియేటర్ దగ్గర 'పుష్ప 2' ప్రీమియర్ తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది, కొడుకు తీవ్రంగా గాయపడ్డాడు. మర్నాడు మా వీధిలో విన్న మొదటి మాట, "పిల్లల్ని వేసుకుని ఆ రాత్రి పూట ఎందుకెళ్ళినట్టు?" నెల తిరిగేసరికి, 2025 జనవరి 4న రాజమండ్రిలో 'గేమ్ ఛేంజర్' ఈవెంటు నుంచి ఇళ్ళకెళ్తూ ఇద్దరు కుర్రాళ్ళు రోడ్డు ప్రమాదంలో చనిపోయారు. మా వీధి "అయ్యో" అంది. ఎందుకెళ్ళారని మాత్రం అడగలేదు. మగవాడి ఇష్టానికి కారణం అక్కర్లేదు. ఆడదాని ఇష్టానికి చచ్చిపోయాక కూడా సంజాయిషీ కావాలి.

కాబట్టి చిన్నదా పెద్దదా అన్నది నాకిప్పుడు అసలు ప్రశ్నగా కనిపించడం లేదు. ఏర్పాట్లు చేసేవాళ్ళు అభిమాని అనుకున్నప్పుడు వాళ్ళ కళ్ళముందు ఎవరున్నారన్నదే ప్రశ్న. ఆడవాళ్ళు కూడా వస్తారనుకుంటే పెద్ద మైదానంలో బయటికి దారి, బాత్రూమ్, అర్ధరాత్రి బస్సు గురించి ఆలోచించక తప్పదు. చిన్న వూళ్ళో దానికి డబ్బు ఖర్చు కూడా లేదు. చూసీ చూడనట్టు వూరుకుంటే చాలు.

ఈసారి మా హాల్లో ఆట పడితే వెనక కుర్చీలు వద్దని చెప్పబోతున్నాను. వదిన మధ్య వరసలో కూర్చుంటానంటోంది. పాలావిడని కూడా రమ్మంటే వస్తుందేమో అడగాలి.