పొగ పద్దు

మా ఇంట్లో ఒక బీరువా నిండా పాత లెక్కల పుస్తకాలు ఉన్నాయి. మొదటివి మా తాత చేతిరాత, తరువాతివి మా నాయన చేతిరాత, ఆపైన మా అన్నదమ్ములం ముగ్గురివీను. కోయంబత్తూరులో మా వాళ్లు స్థిరపడి ఎన్ని తరాలయిందో చెప్పగలవారు ఇప్పుడెవరూ లేరు. బడిలో తమిళం చదువుకున్నాము, బ్యాంకుకు ఇంగ్లీషులో రాశాము. ఇంటి చిట్టా మాత్రం తెలుగులోనే రాయాలని తాత పెట్టిన కట్టుబాటు. మా పిల్లలకు తెలుగు అక్షరాలు వచ్చింది ఆ చిట్టా వల్లనే అంటే చదువరులు నవ్వుతారేమో గాని, అది నిజం.

ఆ పుస్తకాలలో మా పోత కార్ఖానా సంగతి అంతా ఉంది. ఫలానా తేదీన రైలులో దిగిన కోకు ఇన్ని బస్తాలు, ఇనుము ఇన్ని టన్నులు, సున్నపురాయి, అచ్చుల ఇసుక, కూలీలు, పండుగకు పంచిన మిఠాయి సహితం కనబడుతుంది. ఒక్కటి మాత్రం ముప్ఫై ఏళ్లపాటు ఏ పుటలోనూ లేదు. అది మా కొలిమి విడిచిన పొగ. ఆ పద్దు మా చిట్టాకు ఎలా ఎక్కిందో చెప్పుకోవాలనే ఈ నాలుగు మాటలూ.

మా ఊరికి 1932 ప్రాంతంలో పైకారా జలవిద్యుత్తు వచ్చింది. దానితో నూలు మిల్లులు పెరిగాయి. మిల్లులకు విడిభాగాలు కావలసి వచ్చాయి, బావులకు పంపులూ మోటార్లూ కావలసి వచ్చాయి. ఈ అవసరాలు చూసి వ్యవసాయం చేసుకునే మన వాళ్లు చాలామంది లేతులూ కొలుములూ పెట్టారు. 1937లో దేశంలోనే మొదటి విద్యుత్ మోటారును తయారుచేసిన బాలసుందరం నాయుడుగారిది ఈ ఊరే. మా నాయన వారి వంటి పెద్దవాడు కాడు. రెండెకరాల పొలం అమ్మి, పీళమేడు దగ్గర రేకుల షెడ్డు వేసి, 1963లో ఒక క్యుపోలా కొలిమి నిలబెట్టాడు. పంపుల తొడుగులు పోత పోసి ఇవ్వడం మా పని.

క్యుపోలా చూడనివారి కోసం ఒక మాట. అది నిలువుగా ఉండే పెద్ద ఉక్కు గొట్టం, లోపల నిప్పుకు తట్టుకునే ఇటుకల పూత. అడుగున కట్టెలు రాజేసి, దాని మీద కోకు పరచి, ఆపైన వరుసగా ఇనుము, కోకు, సున్నపురాయి, మళ్లీ ఇనుము, ఇలా పేరుస్తారు. కింద కన్నాల గుండా బ్లోయరు గాలి కొడుతుంది. ఇనుము కరిగి కిందికి కారుతుంది. పైకి మాత్రం కోకు బూడిద, తుప్పు, ఇసుక నలుసులు, గంధకపు ఆవిరి, వీటితో కూడిన ముదురు పొగ లేస్తుంది. మాకు ఆ పొగ లక్ష్మీకళగా ఉండేది. కొలిమి వెలిగిందంటే పోత ఉంది, పోత ఉందంటే పని ఉంది.

మా షెడ్డు వెనుక వీధిలో మాకు వరసకు చిన్నమ్మ అయ్యే ఒక పెద్దావిడ ఉండేది. భర్త పోయాక అప్పడాలూ వడియాలూ పెట్టి అమ్మి ఇద్దరు బిడ్డలను పెంచింది. ఆవిడ మిద్దె మీద పరచిన తెల్లటి గుడ్డ మీద మా కొలిమి నలుసులు మిరియాలు చల్లినట్టు పడేవి. ఒకసారి ఆవిడ మా గుమ్మంలోకి వచ్చి, ‘అబ్బాయా, మీ బతుకుదెరువు చెరపాలని నాకు లేదు. కొలిమి వెలిగించే దినాలు ముందుగా చెప్పండి, ఆ దినము నేను వడియాలు పెట్టను’ అంది. ఎంత మర్యాదగా అడిగిందో ఇప్పుడు తెలుస్తుంది. అప్పుడు మాత్రం ఆవిడ మా మీద ఓర్వలేక అలా అంటున్నదని మాలో మేము అనుకున్నాము. రెండు వారాలు కబురు పంపి, తరువాత మానేశాము.

ఇక చట్టం సంగతి. కార్ఖానా గాలిలోకి ఏమి విడుస్తున్నదో దస్తరులో ఎక్కించాలనే ఆలోచన మన దేశంలో పుట్టినది కాదు. ఇంగ్లండులో సోడా తయారుచేసే కార్ఖానాల నుంచి ఆమ్లపు ఆవిరి వచ్చి చుట్టూ చెట్లను మాడ్చేది. 1863లో అక్కడ ఒక చట్టం చేసి, అలాటి కార్ఖానాలన్నీ పేరు నమోదు చేసుకోవాలనీ, ఆ ఆవిరిలో నూటికి 95 పాళ్లు పట్టి ఉంచాలనీ నిర్ణయించారు. రాబర్ట్ ఆంగస్ స్మిత్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు మొదటి తనిఖీ అధికారి. పట్టిన ఆమ్లం తరువాత బట్టలు తెలుపుచేసే పొడి తయారీకి పనికివచ్చింది. పారవేసినది సరుకయింది.

మన దేశంలో గాలికి సంబంధించిన చట్టం 1981లో వచ్చింది. దాని ప్రకారం కార్ఖానా పెట్టడానికీ నడపడానికీ రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి సమ్మతి తీసుకోవాలి. ఆ చట్టం వచ్చినట్టు మా వీధిలో ఎవరికీ తెలియదు. 1984 డిసెంబరులో భోపాల్ ఘోరం జరిగిన తరువాత గాని దేశానికి మెలకువ రాలేదు. 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టమూ, దాని కింద నియమాలూ వచ్చాయి. ఆ నియమాల పట్టికలో మా వంటి కొలుములకు కూడా ఒక చోటు దొరికింది. గంటకు 3 టన్నుల లోపు ఇనుము కరిగించే క్యుపోలా, ఒక ఘనమీటరు పొగలో 450 మిల్లీగ్రాములకు మించి ధూళి విడవకూడదు. 3 టన్నులూ ఆ పైనా అయితే 150కి మించకూడదు. పొగగొట్టం ఎత్తు కొలిమి వ్యాసానికి కనీసం ఆరు రెట్లు ఉండాలి. అనుకోని ప్రమాదం వల్ల హద్దు దాటితే, దాటినవాడే ముందుగా వెళ్లి చెప్పుకోవాలని కూడా చట్టంలో ఉంది. ఆ మాట చదివి మేము నవ్వుకున్నాము. దొంగే వెళ్లి తలుపు తట్టాలా అన్నాము.

1994లో మాకు నోటీసు వచ్చింది. సమ్మతి కోసం దరఖాస్తు పెట్టాలి, దానితోపాటు పొగ కొలిచిన కాగితం జతపరచాలి. మాకు భయం వేసింది. ఇరవై ఇద్దరు పనివాళ్లు, బ్యాంకు అప్పు, ఇంట్లో పెళ్లికి ఎదిగిన చెల్లెలు. ఇటువంటి కాగితాలు నింపిపెట్టే ఒకాయనను పట్టుకున్నాము. ఆయన, ‘దీనికి ఇంత కంగారేమిటండీ? ఇనుము వేయక ముందే, కోకు మాత్రం రాజుకొని ఉన్నప్పుడు, బ్లోయరు సగం తిప్పి కొలిపించేస్తే సరిపోతుంది’ అన్నాడు. అలాగే చేశాము. 380 వచ్చింది. హద్దులో ఉన్నాము. ఆ సాయంకాలం మిఠాయి కొని ఇంటికి వెళ్లాము.

అప్పటికి మా నాయనకు చూపు మందగించింది. ప్రతి రాత్రీ చిట్టా చదివి వినిపించడం మా పెద్దన్న వంతు. ఆ రాత్రి దరఖాస్తు కూడా చదివాడు. 380 దగ్గర నాయన చెయ్యెత్తి ఆపాడు.

‘ఈ లెక్క ఇనుము వేసినాక తీసినారా, ముందరనా?’

ముగ్గురం నేల చూపులు చూశాము.

‘ఖాళీ తక్కెడ తూచి సరుకు బరువు రాసినారన్నమాట’ అన్నాడు నాయన.

లోపలి నుంచి అమ్మ వచ్చి, ‘వాళ్లనెందుకు అంటారు? అందరూ చేసేదే వీళ్లూ చేసినారు’ అంది. నాయన కొంచెంసేపు ఊరుకొని, ‘పద్దు రాయనంత మాత్రాన అప్పు తీరిపోతుందా? రాసుకున్న అప్పు ఎప్పటికైనా తీరుతుంది. రాయనిది పిల్లల నెత్తిన పడుతుంది’ అన్నాడు. అంతకు మించి ఒక్క మాట అనలేదు. మిఠాయి ఎవరూ తినలేదు.

తరువాతి పోతనాడు మా సొంత ఖర్చుతో మళ్లీ కొలిపించాము. పొగగొట్టానికి పక్కన కన్నం, అక్కడ నిలబడడానికి ఒక అట్టు, ఎక్కడానికి నిచ్చెన. కన్నం గుండా సన్నటి గొట్టం దూర్చి, లోపలి పొగ ఎంత వడిగా పోతున్నదో అంతే వడితో కొంత పొగను లాగుతారు. అది వేలికి తొడిగే తొడుగు వంటి వడపోత గుండా పోతుంది. పని ముందు ఆ తొడుగు బరువు తూచి, పని తరువాత మళ్లీ తూస్తారు. పెరిగిన బరువే ధూళి. ఇంత పెద్ద మాటల చట్టం చివరకు ఒక తక్కెడ మీద వచ్చి నిలబడుతుంది. తక్కెడ మాకు తెలియనిది కాదు.

ఈసారి 1,600 వచ్చింది.

ఆ రాత్రి చిట్టా కాగితం మీదనే లెక్క వేశాము. గంటకు సుమారు 3,000 ఘనమీటర్ల పొగ. అంటే గంటకు 4.8 కిలోల ధూళి. ఒక పోత నాలుగు గంటలు, 19 కిలోలకు పైన. వారానికి మూడు పోతలు. ఏడాదిలో 50 వారాలు వేసుకుంటే 2,880 కిలోలు. దగ్గర దగ్గర మూడు టన్నులు! ఇనుములో పది కిలోలు తగ్గితే ఊరుకోని మేము, ఏడాదికి మూడు టన్నుల ధూళిని ఇరుగుపొరుగు మీద పోసి దానిని గాలి అనుకున్నాము.

1,600 అనే రాసి దరఖాస్తు ఇచ్చాము. కాగితాలు నింపే ఆయన మమ్మల్ని పిచ్చివాళ్లను చూసినట్టు చూశాడు. ఫలితం కూడా అనుభవించాము. సరిదిద్దుకునేదాకా పోత ఆపమన్నారు. రెండు నెలలు కొలిమి చల్లగా ఉంది. పనివాళ్లకు సగం కూలి ఇచ్చాము. ఒక పాత గిరాకీ వేరేచోటికి పోయింది. అమ్మ గాజులు కుదువకు పోయాయి. నిజం చెప్పినవాడికి వెంటనే మేలు జరుగుతుందని కథలలో చదివాము గాని, మా విషయంలో అలా జరగలేదు.

పొగగొట్టం మీద నీటి జల్లు అమర్చాము. పొగ ఆ జల్లులో తడిసి, ధూళి నీటితోపాటు కింది తొట్టిలోకి దిగుతుంది. గంధకపు ఆవిరి కలిసి ఆ నీరు పులుపెక్కుతుంది కనుక అందులో సున్నం కలపాలి. పోత మళ్లీ మొదలయిన మొదటి వారాంతాన తొట్టి అడుగున నల్లటి అడుసు పేరుకుంది. పారతో ఎత్తి గట్టున పోసి ఆరబెట్టాము. చిన్నమ్మను పిలుచుకొని వచ్చి చూపించాము, మెప్పు కోసమే అని ఒప్పుకోవాలి. ఆవిడ ఆ కుప్పను చాలాసేపు చూసి, ‘ఇన్నేండ్లూ ఇదంతా మా ఇంటి మీదనేనా అబ్బాయా?’ అంది. మాకు నోట మాట రాలేదు.

ఆ రాత్రి నాయన చెప్పగా పెద్దన్న చిట్టాలో కొత్త పద్దు రాశాడు. ‘పొగ, తొట్టిలో చిక్కినది’ అని ఒక వరుస, ‘పొగ, పైకి పోయినది’ అని మరో వరుస. కొత్తగా కొలిస్తే 340 వచ్చింది. అంటే హద్దులో ఉన్నట్టే. కాని ఏడాదికి లెక్క వేస్తే ఇంకా 600 కిలోలకు పైగానే పైకి పోతున్నది. హద్దులో ఉండడం వేరు, అప్పు లేకపోవడం వేరు అని ఆ రెండో వరుస మాకు నేర్పింది.

తరువాత దేశంలో చాలా జరిగాయి. తాజమహల్ పాలరాయి పాడవుతున్నదని, 1996 డిసెంబరు 30న సుప్రీంకోర్టు ఆగ్రా ప్రాంతంలోని 292 పరిశ్రమలను బొగ్గు, కోకు మానమంది. సహజవాయువుకు మారాలి, లేదా అక్కడి నుంచి తరలిపోవాలి. వాటిలో మా వంటి కొలుములు ఎన్నో. ఆ వార్త విని మా వీధి అంతా గజగజలాడింది. 1998లో టెరి సంస్థ స్విట్జర్లండు సహాయంతో హౌరాలో ఒక కొత్తరకం క్యుపోలా నిలబెట్టింది. దానికి గాలి కన్నాలు రెండు వరుసలు. ధూళి బాగా తగ్గడమే కాదు, కోకు కూడా మిగిలింది. ఆ సంగతి తెలిసి మేమూ కన్నాలు రెండు వరుసలు చేయించాము. చిట్టాలో కోకు పద్దు తగ్గింది, పొగ పద్దు తగ్గింది. పైకి పోయే నల్లదనంలో మా డబ్బు కూడా ఉండేదని అప్పటికి గాని తెలియలేదు. ఇంగ్లండు సోడా కార్ఖానాల కథే మా ఇంటా జరిగింది.

ఇప్పుడు మా షెడ్డులో ఉన్నది విద్యుత్ కొలిమి. దరఖాస్తు ఇంటర్నెట్టులో మా తమ్ముడి కూతురు నింపుతుంది. అంకెలు గబగబా వేస్తూ పోతుంటే ఒక్క చోట మాత్రం మేము ఆపుతాము. ‘అమ్మా, ఇది ఇనుము వేసినాక తీసిన లెక్కేనా?’ అని అడుగుతాము. ‘అవును పెదనాన్నా, ప్రతిసారీ అడుగుతారు’ అని విసుక్కుంటుంది. విసుక్కోనీ. విద్యుత్ కొలిమికీ పొగ ఉంది, ఆ విద్యుత్తు పుట్టే చోట ఇంకెవరి మిద్దె మీదనో బూడిద పడుతూనే ఉండవచ్చు. ఆ వరుస రాయడానికి మా చిట్టాలో చోటు ఇంకా దొరకలేదు.

నాయన లేడు, చిన్నమ్మా లేదు. ఆవిడ కోడలు అదే మిద్దె మీద ఇప్పటికీ మాఘమాసంలో వడియాలు పెడుతుంది. ప్రతి ఏడూ ఒక డబ్బా మా ఇంటికి పంపుతుంది. అవి తెల్లగా ఉంటాయి. డబ్బా రాగానే మా ఇంట్లో ముందుగా మూత తీసి వెలుతురులో పట్టి చూసేది మేమే. ఆ తరువాతనే వంటింట్లోకి పంపుతాము.