ఏకేశ్వర భావనయు, కన్యాశుల్కమును

బృహదారణ్యకోపనిషత్తులో శాకల్యుడు దేవతలెందరని యాజ్ఞవల్క్యుని ప్రశ్నించును. 3306తో మొదలైన సమాధానము ముప్పది మూడు, ఆరు, మూడు, రెండు, ఒకటిన్నరల మీదుగా దిగివచ్చి ఒక్కటి వద్ద నిలుచును. ఆ ఒక్కటే ప్రాణము, బ్రహ్మము. శ్రీకాకుళ మండలవాసులకు ఈ గణితము నేర్పనక్కరలేదు. అరసవల్లిలో సూర్యునకు మ్రొక్కినవాడే శ్రీకూర్మమున విష్ణువును, శ్రీముఖలింగమున శివుని సేవించును. ముగ్గురు వేర్వేరు ప్రభువులను కొలిచితినని తలపడు.

దేవుడొక్కడే యనుట సులభము. ఆ మాట గృహములోనికి ప్రవేశించిననాడే చిక్కు మొదలగును. రాజా రామమోహన రాయలు ఉపనిషత్తులను ఆధారముగా గొని 1828లో బ్రహ్మసమాజమునకు పునాది వేసెను. ఆయన పోరాడిన సహగమన నిషేధము మరుసటి యేడు శాసనమయ్యెను. ఆంధ్రదేశమున ఆ భావమునకు ఆకృష్టుడైన వీరేశలింగము పంతులు 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరములో తొలి వితంతు వివాహము జరిపించెను. ఇది పరమత ప్రభావమని పండితులు ఆక్షేపించిరి. ప్రార్థనా విధానము విషయమున ఆ ఆక్షేపణ కొంత నిజమే కావచ్చును, మూలము మాత్రము శ్రుతిలోనిదే. విగ్రహారాధనను సమాజమువారు త్రోసిపుచ్చుట అర్చకులకు సమ్మతము కాదు, కానక్కరలేదు. అయితే శిలయందు అంతర్యామి కలడని ప్రతిష్ఠ చేయువాడు శిశువునందు లేడని యెట్లు అనగలడు?

ఈ ప్రశ్న ఉత్తరాంధ్రకు మిక్కిలి దగ్గరది. విజయనగర ప్రభువు ఆనంద గజపతి విశాఖపట్టణ మండలములోని బ్రాహ్మణ కుటుంబములలో జరిగిన శుల్క వివాహముల పట్టిక వ్రాయించెను. మూడేండ్లలో 1034 తేలినవి. కన్యలలో ఐదేండ్లవారు 99 మంది, నాలుగేండ్లవారు 44, మూడేండ్లవారు 36, రెండేండ్లవారు 6, ఏడాది పసికందులు ముగ్గురు. ఆ పసికందుల వెల 350 మొదలు 400 రూపాయలు! 1892లో విజయనగరమున ప్రదర్శితమైన ‘కన్యాశుల్కము’ను 1897లో ముద్రించినపుడు గురజాడ అప్పారావుగారు ఆంగ్ల పీఠికలో ఈ యంకెలను ప్రకటించిరి. ఆయన వేదాంత వాదమునకు దిగలేదు, నవ్వించిరి. బహుశః వాదముకంటె అదియే లోతుగా తాకినది.

శాస్త్రము తెలియక ఇది జరిగినదనుటకు వీలులేదు. కన్యకు తండ్రి అణుమాత్రము శుల్కమైనను గ్రహింపరాదనియు, గ్రహించినవాడు సంతానమును విక్రయించినవాడగుననియు మనుస్మృతి తృతీయాధ్యాయము స్పష్టముగా చెప్పుచున్నది. ఆ వివాహములకు మంత్రము చెప్పిన పురోహితులు ఆ అధ్యాయము ఎరుగనివారు కారు. వారు ప్రతిదినము సంధ్యావందనములో ఆదిత్యుడే బ్రహ్మమని, తామును ఆ బ్రహ్మమేనని భావన చేసినవారే. ఆ భావనలో ఎదుటనున్న ఏడాది శిశువునకు మాత్రము చోటు దొరకలేదు.