కైకు రే ఇత్తా షోర్?

మా అమ్మీకి నా టీషర్టుల్లో ఒకటి అస్సలు పసంద్ లేదు. నల్ల బట్ట మీద ముళ్లకంపలా అల్లుకుపోయిన అక్షరాలు. "ఏం రాసుందిరా దాని మీద?" అంటే "మన హైదరాబాద్ బ్యాండ్ పేరు అమ్మీ" అని జారుకుంటా. ఆ పేరు గాడ్‌లెస్. మత్లబ్ చెప్తే ఆ పూట నాకు ఖానా బంద్. 2021లో వచ్చిన వాళ్ల 'స్టేట్స్ ఆఫ్ కేయాస్' విన్నప్పుడు మాత్రం, మన ఊరి పిల్లలు డెత్ మెటల్ ఇంత సాఫ్‌గా వాయిస్తారా అని ఫకర్‌గా అనిపించింది.

ఈ షౌక్ ఎక్కడ అంటుకుందని దోస్తులు అడుగుతుంటారు. మాది వరంగల్ మండిబజార్ దగ్గర. అబ్బా రేకు పెట్టెలు చేసే దుకాణంలో కారీగర్. పొద్దున దుకాణం తెరిచింది మొదలు మగ్రిబ్ దాకా రేకు మీద సుత్తి దెబ్బలే. నా ఎక్కాలు, నా హోంవర్కు అన్నీ ఆ షోర్‌లోనే. నేను ఇంటర్‌లో ఉండగా ప్రెస్సు కింద పడి అబ్బా కుడిచేతి రెండు వేళ్ల కొనలు పోయాయి. సేట్ ఒక నెల తన్‌ఖా ఇచ్చి ఖామోష్ అయిపోయాడు. అబ్బా రెండు నెలలకే మళ్లీ సుత్తి పట్టాడు, వేళ్లకు గుడ్డ చుట్టుకొని.

2001లో ఇంజనీరింగ్ హాస్టల్లో, కోఠీ ఫుట్‌పాత్ మీద కొన్న ఒక సీడీలో బ్లాక్ సబ్బాత్ దొరికింది. మొదటి పాటలో వాన, గంట, ఆ తర్వాత మూడంటే మూడు స్వరాలు, రేకును ఎత్తి పడేసినట్టు. నాకు భయం వేయలేదు. మా దుకాణం యాదికొచ్చింది.

తర్వాత చదివా. గిటార్ వాయించే టోనీ ఐయోమీ పదిహేడేళ్ల వయసులో బర్మింగ్‌హామ్‌లో రేకు కార్ఖానాలో పనిచేశాడట. నౌకరీకి అదే ఆఖరి రోజు. ప్రెస్సు కింద కుడిచేతి రెండు వేళ్ల కొనలు తెగిపోయాయి. ఎడమచేతి వాటం వాడు కాబట్టి తీగలు నొక్కాల్సింది ఆ చేత్తోనే. గిన్నెలు తోమే సబ్బు సీసా కరిగించి వేళ్లకు టోపీలు చేసుకున్నాడు. వేళ్లు నొప్పి పుట్టకుండా సన్నటి తీగలు వేశాడు, తర్వాత వాటిని వదులు చేశాడు. ఆవాజ్ కిందికి దిగింది, బరువెక్కింది. 1970లో మొదటి రికార్డు వచ్చింది. షైతాన్ బ్యాండ్ అని బద్నాం చేశారు గానీ, ఆజీ ఆస్బోర్న్ తండ్రి కార్ఖానాలో పనిముట్లు చేసే మనిషి, నలుగురికీ అల్యూమినియం సిలువలు చేసి మెడలో వేసుకొమ్మన్నాడు. మన దగ్గర తావీజు కట్టినట్టే కదా.

మిగతా బ్యాండ్ల సంగతి నేను ఖుల్లా చెప్తా. ఐరన్ మెయిడెన్ బేస్ గిటార్ గుర్రపు దౌడు ఎంత విన్నా నాకు బోర్ కొట్టదు. డ్రీమ్ థియేటర్ వాళ్ల హునర్‌కి సలామ్, కానీ ఇరవై నిమిషాల పాటలో నాకు దర్ద్ ఎక్కడా దొరకదు. ఇండోనేషియాలో గరుత్ అనే ఊరి ముగ్గురమ్మాయిల బ్యాండ్ వాయిస్ ఆఫ్ బాసెప్రోత్. ఆ మాటకి వాళ్ల భాషలో అర్థమే షోర్. హిజాబ్‌తో 2024లో గ్లాస్టన్‌బరీ దాకా పోయారు. హిజాబ్ గురించి రాసినవాళ్లే అందరూ, బేస్ వాయింపు గురించి ఎవరూ రాయరు. అది ఇంకా జబర్దస్త్.

మెటాలికాతోనే నాది టేఢా హిసాబ్. 1986 నాటి 'మాస్టర్ ఆఫ్ పపెట్స్'ని మించిన త్రాష్ రికార్డు లేదని ఇప్పటికీ బహస్ చేస్తా (స్లేయర్ దీవానాలు మాఫ్ చేయాలి). రెండేళ్ల తర్వాత వచ్చిన 'వన్' కూడా, యుద్ధంలో కాళ్లూ చేతులూ పోయి తన ఒంట్లో తనే ఖైదైన సిపాయి పాట, అబ్బాని ఆస్పత్రిలో చూసినవాణ్ణి కదా, మొదటిసారి విన్నప్పుడు కళ్లు తడిశాయి. 2003లో ఒక ఖబర్ చదివా. ఇరాక్‌లో ఖైదీల నోరు తెరిపించడానికి అమెరికా ఫౌజీలు గంటల తరబడి వాళ్ల చెవుల్లో పాటలు మోగిస్తున్నారని. అందులో 'ఎంటర్ శాండ్‌మ్యాన్' ఉంది. పసిపిల్లల నిద్ర గురించిన పాటతో మనుషులకు నిద్ర లేకుండా చేయడం. మరుసటేడు ఒక రేడియో ఇంటర్వ్యూలో హెట్‌ఫీల్డ్ దాన్ని తప్పుబట్టకపోగా కొంచెం గర్వంగానే మాట్లాడాడు. ఆ రాత్రి నా వాక్‌మన్ ముట్టుకోలేదు.

అదే బాగ్దాద్‌లో మెటాలికా, స్లేయర్ వింటూ పెరిగిన కుర్రాళ్లు అక్రాసికౌడా అని బ్యాండ్ పెట్టారు. కరెంటు లేకుంటే జనరేటర్ మీద వాయించారు. రియాజ్ చేసుకునే జాగా మీద బాంబు పడింది. సిరియా, టర్కీ తిరిగి ఆఖరికి అమెరికాలోనే పనాహ్ దొరికింది. 2007లో వాళ్ల మీద 'హెవీ మెటల్ ఇన్ బాగ్దాద్' అని సినిమా వచ్చింది. అది చూశాక ఈ సంగీతాన్ని ఆ ఫౌజీలకు వదిలేయడానికి నాకు దిల్ ఒప్పలేదు.

అట్లని పూర్తిగా మాఫ్ కూడా చేయలేకపోయా. 2011 అక్టోబర్ 30న మెటాలికా బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌కి వచ్చినప్పుడు దోస్తులంతా పోయారు. నేను డ్యూటీ ఉందని ఝూట్ చెప్పి, ఇంట్లో కూర్చొని 'మాస్టర్ ఆఫ్ పపెట్స్' మూడుసార్లు విన్నా. పాగల్‌పన్ కాకపోతే ఏంటి?

పోయినేడు జూలై 5న బర్మింగ్‌హామ్‌లో బ్లాక్ సబ్బాత్ ఆఖరి షో. అంటే 2025లో. ఆజీ నిలబడలేక సింహాసనం లాంటి కుర్చీలో కూర్చొనే పాడాడు. 17 రోజులకి ఇంతెఖాల్. ఆ రాత్రి ఫోన్‌లో ఆ వీడియోలే చూస్తున్నా. పక్క మంచం మీంచి అబ్బా, "కైకు రే ఇత్తా షోర్?"

పాట ఆపి, ఐయోమీ చెయ్యి పెద్దగా చేసి చూపించా. "వేళ్లు చూడండి అబ్బా. రేకు ప్రెస్సే."

అబ్బా అద్దాలు పెట్టుకొని ఫోన్ దగ్గరికి లాక్కున్నాడు. చాలాసేపు చూశాడు.

"దేంతో చేసుకున్నాడు ఆ టోపీలు?"

"సబ్బు సీసా కరిగించి."

"ప్లాస్టిక్ జారుతది. పైన చమ్డా అంటించాల."

నేనింకా ఆ సంగతి చెప్పనే లేదు. "అంటించాడు అబ్బా. పాత తోలు జాకెట్ కోసి."

"అయితే కారీగరే," అని ఫోన్ తిరిగి ఇచ్చాడు. అటు తిరిగి పడుకుంటూ, "ఆవాజ్ కమ్ కర్," అన్నాడు.