కంభం కాలనీలో కుళాయి ముచ్చట్లు

కంభం పేరు వినగానే ఎవరికైనా చెరువే స్ఫురిస్తుంది. నల్లమల కొండలలో పుట్టి తూర్పు సముద్రానికి సాగే గుండ్లకమ్మకు రెండు కొండల నడుమ కట్ట వేసి నిలిపిన ఈ జలాశయాన్ని విజయనగర రాజకుమారి వరదరాజమ్మ నిర్మింపజేసిందని ప్రతీతి. పొడవు సుమారు 7 కిలోమీటర్లు. వెడల్పు మిక్కిలి ఉన్నచోట మూడున్నర కిలోమీటర్లు. 20వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో వెలువడిన ఇంపీరియల్ గెజిటీరు ఈ కట్ట ఎత్తును 57 అడుగులుగాను, చెరువు విస్తీర్ణాన్ని సుమారు 15 చదరపు మైళ్లుగాను నమోదు చేసింది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల, డ్రైనేజీ కమిషన్ దీనిని వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తించింది. పోరుమామిళ్ల చెరువుకు, కర్నూలు-కడప కాలువకు కూడా అదే ఏడు ఆ గౌరవం లభించింది.

ఊరు చూడవచ్చినవారు కట్ట మీద నిలబడి, గాలి పీల్చుకుని, ఫొటోలు తీసుకుని వెళ్లిపోతారు. అయితే చెరువును మాత్రమే చూసినవారు కంభాన్ని సగమే చూసినట్లు. మిగిలిన సగం ఊరి అంచున వెలసిన కొత్త కాలనీలలో, ఉదయపు వేళ కుళాయిల దగ్గర వినబడుతుంది. చూడడం కాదు, వినడమే. ఎందుకంటే అక్కడ ప్రతి సంగతీ మాటగానే పుడుతుంది, మాటగానే పెరుగుతుంది, మాటతోనే మనుషులను కలుపుతుంది లేదా విడదీస్తుంది.

మదరసాకు షాబాన్ సెలవులు ఇచ్చినప్పుడు కొన్ని దినాలు కంభంలో మా చెల్లెలి ఇంట గడపడం నాకు అలవాటు. కందులాపురం సెంటర్ దాటి కొంత దూరం నడిస్తే వాళ్ల వీధి వస్తుంది. ఇరవై, ఇరవై అయిదు ఇళ్లు. సగం ఇళ్లకు ఇంకా సున్నం పడలేదు. ప్రతి గుమ్మం ముందు నీలిరంగు ప్లాస్టిక్ డ్రమ్ము, దాని పక్కన వరుసగా బిందెలు. వీధిలో మనవాళ్ల ఇళ్లు, హిందువుల ఇళ్లు, ఒకటి రెండు క్రైస్తవుల ఇళ్లు కలిసే ఉన్నాయి. ఫజ్ర్ నమాజు ముగించుకుని నేను తిరిగి వచ్చే వేళకు వీధి అంతా మేలుకుని ఉంటుంది.

మొదట వినబడే మాట సలాం కాదు, నమస్కారం కాదు. "నీళ్లు వచ్చినయ్యా అక్కా?" అన్నదే. దానికి జవాబు ఎదురింటి నుండి కాక నాలుగో ఇంటి నుండి వస్తుంది. "సన్నగా వస్తున్నయ్యమ్మా, బిందె నిండాలంటే పావుగంట." అక్కడి నుండి మాట ఎటైనా పోవచ్చు. మిరప ధర పడిపోయిన సంగతి, కాలువలో చెత్త పేరుకుని దోమలు ముసురుతున్న సంగతి, పిల్లల పరీక్షలు, వీధి కుక్కలు, గుంటూరు వైపు వెళ్లే రైలు ఆలస్యం, ఎవరి కూతురికి ఎక్కడ సంబంధం కుదిరింది. అరగంటలో లోకం అంతా చుట్టి మళ్లీ కుళాయి దగ్గరకే వస్తుంది.

వీధి మలుపులో ఉన్న అరుగు మగవారిది. అక్కడి వృద్ధులు ఇప్పటికీ "మనం కర్నూలు జిల్లాలో ఉన్నప్పుడు" అని మాట మొదలుపెడతారు. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు కంభం, మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు కర్నూలును విడిచి అందులో చేరాయి. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరు వచ్చింది. ఒంగోలుకు వెళ్లి రావాలంటే ఒక దినమంతా పోతుంది కనుక, మార్కాపురం కేంద్రంగా జిల్లా కావాలన్న మాట ఏళ్ల తరబడి ఈ అరుగు మీద నలిగినదే. దాని తరువాత వెలిగొండ మాట వస్తుంది. శ్రీశైలం జలాశయం నుండి కృష్ణా నీటిని ఈ మెట్టప్రాంతానికి తేవడానికి 1996లో శంకుస్థాపన జరిగిన పథకం అది. కొండను తొలిచిన రెండు సొరంగాలు, ఒక్కొక్కటి దాదాపు 19 కిలోమీటర్లు. శంకుస్థాపన నాడు యువకులుగా ఉన్నవారు ఈనాడు మనవలను ఒడిలో కూర్చోబెట్టుకుని అదే విషయం మాట్లాడుతున్నారు.

ఇట్టి ముచ్చట్లను పనిలేనివారి కాలక్షేపమని తీసివేయడం సులభం. నేను అట్లా అనుకోను. నీళ్లు ఏ వేళకు వస్తాయో, ఏ ఇంట జ్వరం ఉందో, ఏ వృద్ధురాలు రెండు రోజులుగా బయటికి రాలేదో వీధికి తెలిసేది ఈ మాటల వల్లనే. పొరుగువారిని గూర్చి జిబ్రీల్ (అలైహిస్సలాం) పదే పదే తాకీదు చేస్తూ ఉండగా, వారిని ఆస్తిలో వారసులను కూడా చేస్తారేమో అని దైవప్రవక్త (స)కు అనిపించిందని హదీసు గ్రంథాలలో మనం చదువుతాం. పొరుగువాని స్థితి తెలియనివాడు అతని హక్కు ఎట్లా నెరవేర్చగలడు? తెలుసుకోవడానికి మాటే తొలి మెట్టు.

అయితే అదే మాట తన దారి తప్పడం కూడా ఆ వీధిలోనే చూశాను.

వీధి చివర నాలుగు ఇళ్లకు నీరు అందడం లేదు. అందులో ఒక ఇంట ఒంటరి వృద్ధురాలు ఉంటుంది. వీధి మొత్తానికి ఆమె అవ్వ. కారణం అందరికీ తెలుసు. వీధి మధ్యలో ఉన్న ఒక ఇంటివారు పంచాయతీ గొట్టానికి నేరుగా మోటారు బిగించారు. నీళ్లు వదిలిన వెంటనే మోటారు వేస్తారు. గొట్టంలోని నీరంతా ఆ ఇంటి ట్యాంకులోకి పోతుంది. ఆ ఇల్లు మనవాళ్లదే. ఇంటి యజమాని ఊరుకాని ఊరిలో కొలువు చేస్తూ నెలకొకసారి వస్తాడు. ఇంట్లో అతని భార్య, మంచం పట్టిన తల్లి, ఇద్దరు పిల్లలు.

నేను అక్కడ ఉన్న దినాలలో ఆ మోటారు గూర్చి వినని పూట లేదు. మొదటి రోజు మాట మోటారు గురించి. రెండవ రోజుకు అది ఆ ఇంటి కోడలి పొగరు గురించి అయింది. మూడవ రోజుకు ఆమె మొగుడు పంపే డబ్బు గురించి, నాలుగవ రోజుకు ఆమె పుట్టింటి గురించి. శుక్రవారం నాటికి అది "వాళ్లంతా అంతే" అన్నంత దూరం పోయింది. ఆ "వాళ్లు" అన్న ఒక్క మాటలో ఒక ఇంటి తప్పు ఒక సమాజం మీదికి పాకింది. ఆ వేళ అక్కడ ఉన్న మన స్త్రీలు కూడా తల వంచుకున్నారే గాని, నోరు విప్పలేదు. అంతకుముందు మూడు రోజులూ అదే ముచ్చటలో వారూ పాలుపంచుకున్నారు మరి.

ఇన్ని దినాలలో ఒక్కరైనా ఆ ఇంటి తలుపు తట్టి, "అమ్మా, మీ మోటారు వల్ల చివరి ఇళ్లకు నీళ్లు రావడం లేదు" అని చెప్పలేదు.

చెల్లెలు ఒక రాత్రి నన్ను అడిగింది. "భాయిజాన్, మేం అబద్ధం ఏమీ చెప్పుకోలేదు కదా. మోటారు ఉన్నమాట నిజమే కదా. ఇది గీబత్ ఎట్లా అవుతుంది?"

చాలామందికి కలిగే సందేహమే ఇది. దైవప్రవక్త (స) ఇచ్చిన నిర్వచనంలో దీనికి సమాధానం ఉంది. సోదరుని పరోక్షంలో అతనికి ఇష్టం కాని మాట చెప్పడమే గీబత్. ఆ మాట నిజమైతేనే అది గీబత్. నిజం కాకపోతే అది ఇంకా పెద్ద పాపమైన అపనింద. కాబట్టి "నిజమే కదా" అన్నది గీబత్‌కు మినహాయింపు కాదు, అదే దాని లక్షణం. అయితే అన్యాయానికి గురైనవాడు మౌనంగా ఉండాలని ధర్మం చెప్పలేదు. ఇమామ్ నవవీ (రహ్మతుల్లాహి అలైహి) తమ రియాదుస్సాలిహీన్‌లో పరోక్ష ప్రస్తావనకు అనుమతి ఉన్న ఆరు సందర్భాలను లెక్కించారు. అందులో మొదటిదే, అన్యాయాన్ని సరిదిద్దగల అధికారం ఉన్నవారి వద్ద బాధితుడు మొర పెట్టుకోవడం. అంటే గీటు ఇక్కడ ఉంది: తప్పు చేసినవారితో చెప్పు, లేదా తప్పును ఆపగలవారితో చెప్పు. ఈ ఇద్దరూ కాని మూడవవారితో చెప్పినప్పుడు నీరు రాదు, నోరు మాత్రం పాడవుతుంది.

నీటి తగవులు మదీనాలో కూడా వచ్చాయి. కొండవాగు నీరు ముందు పై పొలానికి, తరువాత కింది పొలానికి చేరుతుంది. పైవాడు ఎంత ఆపుకోవచ్చు? మహ్జూర్, ముజైనిబ్ అనే వాగుల విషయంలో దైవప్రవక్త (స) తీర్పు హదీసులలో నిలిచి ఉంది. పై పొలంవాడు చీలమండల లోతు వరకు నీరు నిలుపుకుని, తరువాత కిందివానికి వదలాలి. పైన ఉన్నవాని అవసరం కాదనలేదు. కింద ఉన్నవాని హక్కును అతని దయకు వదిలివేయలేదు. కంభం వంటి చెరువుల కింద సేద్యం చేసిన మన పెద్దలకు ఈ న్యాయం కొత్త కాదు. తూము నుండి చివరి మడి వరకు నీటిని వంతుల ప్రకారం పారించడానికి ఊరికి ఒక నీరుగంటి ఉండేవాడు. చెరువు ఎంత పెద్దదైనా చివరి మడి తడిసినప్పుడే నీటి పంపకం సరిగా జరిగినట్లు.

స్పెయిన్‌లోని వలెన్సియా నగరంలో ఈనాటికీ ఒక నీటి న్యాయస్థానం నడుస్తున్నది. ప్రతి గురువారం మధ్యాహ్నం అక్కడి పెద్ద చర్చి ద్వారం ముందు రైతుల ప్రతినిధులు ఎనిమిదిమంది కూర్చుంటారు. ఎవరు ఎవరి వంతు నీరు మళ్లించుకున్నారో అక్కడే నోటిమాటగా వాదనలు జరుగుతాయి, అక్కడే తీర్పు వెలువడుతుంది. ముస్లింలు ఆ నేలను ఏలిన కాలం నుండి వచ్చిన ఆనవాయితీ ఇదని అక్కడివారే చెప్పుకుంటారు. వారు పంటకాలువను పిలిచే 'అసెకియా' అన్న మాట అరబీ 'సాఖియా' నుండి పుట్టినదే. 2009లో యునెస్కో ఈ న్యాయస్థానాన్ని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడ కూడా జరిగేది పొరుగువారి మాటలే. కాని ఒక్క తేడా ఉంది. ఎవరిని గూర్చి మాట్లాడుతున్నారో ఆ మనిషి ఎదురుగా నిలబడి ఉంటాడు.

కంభం వీధిలో ఆ పని చేసింది చివరింటి అవ్వ. ఆమె హదీసు చదువుకోలేదు, వలెన్సియా పేరు వినలేదు. ఆదివారం పొద్దున ఖాళీ బిందె చంకన పెట్టుకుని నేరుగా ఆ ఇంటి గడప దగ్గరకు వెళ్లి నిలబడింది. "బూబమ్మా, మీ ట్యాంకు నిండినాక నాకు రెండు బిందెలు పోస్తావా తల్లీ? నా కుళాయి ఎండిపోయింది" అన్నది. ఫిర్యాదు లేదు, నింద లేదు.

ఆ కోడలు కాసేపు మాట్లాడలేకపోయింది. తరువాత చెప్పిన సంగతి వీధిలో ఎవరికీ తెలియనిది. మంచం పట్టిన అత్తగారికి రోజుకు మూడుసార్లు పక్కబట్టలు ఉతకాలి. ఇంటి పునాది ఎత్తు కావడంతో మోటారు లేకుండా నీరు పైకి ఎక్కదు. చివరి ఇళ్లకు అందడం లేదని ఆమెకు ఎవరూ చెప్పలేదు. తాను గుమ్మంలోకి వస్తే ముచ్చట ఆగిపోవడం మాత్రం గమనించిందట. "నన్ను చూస్తే అందరూ ఎందుకు లేచిపోతున్నారో తెలియక రోజూ ఏడ్చేదాన్ని అవ్వా" అన్నది.

ఆనాటి నుండి ఏర్పాటు మారింది. నీళ్లు వదిలిన మొదటి అరగంట మోటారు వేయరు. చివరి నాలుగు ఇళ్లవారు తమ బిందెలు నింపుకుని, "ఇక వేసుకో అమ్మా" అని కేక వేస్తారు. అప్పుడు మోటారు మోగుతుంది. గొట్టానికి మోటారు బిగించడం నిబంధనలకు విరుద్ధమే. దానికి పంచాయతీవారు సరియైన మార్గం చూపవలసిందే. ఎత్తు ఇళ్లకు నీరెక్కే ఉపాయం కావాలని కోరుతూ వీధివారందరూ కలిసి అర్జీ వ్రాశారు. దానిపై మొదటి సంతకం ఆ కోడలిది, మొదటి వేలిముద్ర అవ్వది.

నమాజులు, ఉపవాసాలు, దానాలు అధికంగా చేస్తూ కూడా నాలుకతో పొరుగువారిని బాధించే ఒక స్త్రీ ప్రస్తావన దైవప్రవక్త (స) ముందుకు వచ్చినప్పుడు, ఆమె నరకవాసి అని వారు సెలవిచ్చారు. ఆరాధనలు అంతగా లేకున్నా పొరుగువారిని బాధించని మరొక స్త్రీని స్వర్గవాసి అన్నారు. రమజాను దగ్గరపడుతున్న దినాలలో మన ఇళ్లలో ఎన్ని ఖుర్‌ఆన్ పారాయణాలు పూర్తి చేయాలన్న లెక్కలు మొదలవుతాయి. ఆ లెక్కతోపాటు మరొక లెక్క కూడా ఉండాలి. ఈ ఏడాది మన నోట పదిమంది ముందు నలిగిన పొరుగిల్లు ఏది? ఆ ఇంటి తలుపు మనం ఎన్నిసార్లు తట్టాం?

ఈ ప్రశ్న ఒక్క కంభానిది కాదు. నీటి కష్టం ఉన్న ప్రతి ఊరి అంచున ఇట్టి వీధి ఒకటి ఉంటుంది. అపార్టుమెంటులో అయితే మోటారు స్థానంలో బండి నిలిపే చోటు, చెత్తబుట్ట, పై అంతస్తు చప్పుడు ఉంటాయి. ముచ్చట్లు మానవలసిన పని లేదు. వీధి మనుషులు మాట్లాడుకోవడం మానితే అవ్వ కుళాయి ఎండిన సంగతి ఎవరికీ తెలియదు. అయితే పొరుగువారిని గూర్చి మనం ఆడుకునే మాటలలో సగమైనా పొరుగువారితోనే ఆడగలిగితే, చాలా తగవులు గడప దాటకముందే తీరిపోతాయి. మన నాలుకల నుండి మన పొరుగువారికి రక్షణ కల్పించే సద్బుద్ధిని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక. ఆమీన్.