సరిగమలకు పన్నెండు ఇళ్ళు

విజయనగరం సంగీతానికి పేరుపడ్డ ఊరు. 1919లో మహారాజావారు అక్కడ సంగీత కళాశాల పెట్టారు. ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి మొదటి ప్రిన్సిపాల్. ద్వారం వెంకటస్వామినాయుడుగారు అక్కడే వయొలిన్ నేర్పారు. నేను మటుకు చిన్నతనంలో ఆ ఊళ్ళో హార్మోనియం నేర్చుకున్నాను. మా మాస్టారు పద్యనాటకాలకు వాయించేవారు.

వయొలిన్‌కూ, బొబ్బిలి వీణకూ ఒక సౌకర్యం ఉన్నది. పాడేవారి శ్రుతిని బట్టి బిరడలు తిప్పి తీగెలు కాస్త బిగించవచ్చు, వదులు చెయ్యవచ్చు. వేళ్ళు ఎప్పటిలాగే నడుస్తాయి. మామూలు హార్మోనియానికి ఆ వీలు లేదు. దానిలోని ఇత్తడి రీడ్లు ఎప్పుడూ ఒకేలా పలుకుతాయి. అందుచేత శ్రుతి మారితే వేళ్ళే ఇల్లు మారాలి.

ఒక స్థాయిలో తెల్ల మెట్లు 7, నల్ల మెట్లు 5, మొత్తం 12. వీటిలో దేన్నయినా "స" అనుకోవచ్చు. మొదటి తెల్లమెట్టు ఒకటి శ్రుతి, దాని పక్క నల్లది ఒకటిన్నర, ఆపై తెల్లది రెండు. ఇలా ఏడు దాకా పోతుంది. మూడుకూ నాలుగుకూ మధ్య నల్లమెట్టు లేదు గనక మూడున్నర ఉండదు.

మాస్టారు ముందుగా శంకరాభరణంలోని స, గ, ప మూడూ ఒక్కసారే నొక్కటం నేర్పారు. పియానోకు కూడా మెట్ల అమరిక ఇదే. అది వాయించేవారు ఇలాంటి దాన్ని కార్డు అంటారు. నల్లవీ తెల్లవీ కలిపి లెక్కపెడితే, "స" నుంచి 4 మెట్లు పైన "గ", అక్కణ్ణించి 3 మెట్లు పైన "ప" ఉంటాయి. ఒకటి శ్రుతిలో మూడూ తెల్లవే. రెండు శ్రుతిలో నడిమిది నల్లది. నాలుగున్నరలో మూడూ నల్లవే! మూడూ తెల్లవి అయే ఇళ్ళు 3 ఉన్నాయి గాని, మూడూ నల్లవి అయేది ఇదొక్కటే.

అంతటితో అయిపోలేదు. కింది "స"ను పైకి తీసుకుపోతే గ-ప-స, ఆ తరవాత "గ"ను కూడా పైకి తీసుకుపోతే ప-స-గ. ఇల్లు అదే, కూర్చున్న వరస వేరు. 12 ఇళ్ళకు 3 వరసల చొప్పున 36. ఈ 36 వాయించాకనే నాకు చద్దన్నం.

పక్కపక్క ఇళ్ళకే పోతే వేళ్ళకు బద్ధకం అలవాటవుతుందని మాస్టారు ఒక తమాషా దారి చూపారు. ఇప్పటి "ప"ను తరవాతి "స" చెయ్యాలి. ఒకటి నుంచి ఐదుకు, ఐదు నుంచి రెండుకు, రెండు నుంచి ఆరుకు. ఇలా 12 గెంతులు గెంతితే ఏ ఇల్లూ తప్పకుండా, ఏ ఇంటికీ రెండోసారి పోకుండా, తిరిగి ఒకటికే వస్తాం. ఒక్కొక్క గెంతూ 7 మెట్లు. 7నూ, 12నూ రెంటినీ భాగించే సంఖ్య 1 తప్ప మరొకటి లేదు గనకనే ఇలా అవుతుంది. పిల్లలూ, మీరు కాగితం మీద 12 చుక్కలు గుండ్రంగా పెట్టి, 7 చొప్పున లెక్కించి చూడండి!

"సులువైన ఒకటి శ్రుతి ఉండగా ఇవన్నీ ఎందుకండీ?" అని అడిగాను.

"సులువు వాయించేవాడికి. మరి పాడేవాడి గొంతు మాటేటి, నాన్నా?" అన్నారు మాస్టారు.

ఆ మాట అర్థం శ్రీకాకుళం జిల్లాలో ఒక తీర్థంలో నాకు తెలిసింది. నాటకంలో బాలపాత్ర వేసే కుర్రవాడు ఎప్పుడూ ఐదు శ్రుతిలో పాడేవాడు. ఆ యేడు వాడికి గొంతు మారుతున్నది. ఆ వయసులో గొంతులోని స్వరతంత్రులు పొడవుగా, దళసరిగా పెరిగి, నెమ్మదిగా కంపిస్తాయి. అందువల్ల గొంతు దిగుతుంది. సాయంత్రం పద్యం ఎత్తుకోగానే పైస్వరం చీలిపోయింది. "వీడి పద్యాలు తీసేద్దాం," అన్నారు కొందరు. కుర్రవాడు తెర వెనక మోకాళ్ళలో తల పెట్టుకు కూర్చున్నాడు.

మాస్టారు వాణ్ణి పిలిచి, ఒక్కొక్క మెట్టే దిగుతూ పాడించారు. మూడు శ్రుతిలో గొంతు నిలబడింది. రాత్రి వాడి వంతు రాగానే మాస్టారి వేళ్ళు మూడుకు దిగాయి; పద్యం కాగానే రాజు వేషగాడి కోసం నాలుగుకు ఎక్కాయి. జనం "వన్స్‌మోర్!" అని అరిచారు. వేళ్ళు ఇల్లు మారిన సంగతి వారిలో ఒక్కరూ గమనించలేదు.

ఆ మర్నాటి నుంచీ 36 వాయించమని నాకెవరూ చెప్పవలసిన అవసరం లేకపోయింది.