విస్తరించడం వేరు, చెదిరిపోవడం వేరు

ఈసారి మీకోసం ఒకే ఒక్క క్రియ తెచ్చాను: విస్తరించు. పైకి చదవండి. వి-స్త-రిం-చు. 'స్త' దగ్గర నాలుక తడబడితే ఫరవాలేదు, మళ్ళీ అనండి. గుడిలో జరిగే తెలుగు తరగతిలో చాప మీద కూర్చుని నేనూ ఇలాగే ముక్కలు చేసి నేర్చుకున్నాను.

అర్థం తేలికే. ఉన్నదాని కంటే వెడల్పు కావడం, లేదా వెడల్పు చేయడం. "మర్రిచెట్టు కొమ్మలు ఇంటి మీదికి విస్తరించాయి" అంటే కొమ్మలు వాటంతట అవే పెరిగాయి. "వాళ్ళు రోడ్డును విస్తరించారు" అంటే ఎవరో పూనుకుని ఆ పని చేశారు. రోడ్డు పక్కన 'ను' ఉంది చూశారా? అదే గుర్తు.

ఈ మాట సంస్కృతం నుంచి వచ్చింది. 'స్తృ' అంటే పరచడం. దాని ముందు 'వి' చేరితే దూరదూరంగా పరచడం. చివర మన తెలుగు 'ఇంచు' చేరింది. ప్రేమ నుంచి ప్రేమించు, జయం నుంచి జయించు వచ్చినట్టే. విస్తారం, విస్తీర్ణం, విస్తృతం దీని చుట్టాలు. భోజనానికి వేసే విస్తరిని కూడా ఈ కుటుంబంలోనే చేరుస్తారు. ఇంగ్లీషులోని 'స్ట్రీట్' కూడా దూరపు బంధువే. రాళ్ళు పరిచిన దారి అనే లాటిన్ మాట నుంచి అది వచ్చింది.

అయితే ప్రతిచోటా ఈ మాట వాడకండి. చాప పరుస్తాం, చేతులు చాపుతాం. జాకెట్టు బిగుతైతే వదులు చేస్తాం. ఆశ్చర్యంతో కళ్ళు విప్పారతాయి. జబ్బు వ్యాపిస్తుంది. ఊరు, వ్యాపారం, చదువు మాత్రం విస్తరిస్తాయి.

ఇక అసలు విషయానికి వస్తాను. "మన తెలుగువాళ్ళు ప్రపంచమంతా విస్తరించారు" అని సభల్లో వింటూ ఉంటాం. వినడానికి బాగుంటుంది. కానీ మన సంగతి ఆలోచించండి. 1860లో ట్రూరో ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది. 1911 వరకు ఒప్పంద కూలీల ఓడలు వస్తూనే ఉన్నాయి. దిగినవాళ్ళను తలా ఒక తోటకు పంపారు. ఆ తరువాత 1950లో గ్రూప్ ఏరియాస్ చట్టం వచ్చి, పక్కపక్కనే కాపురమున్న కుటుంబాలను మళ్ళీ లేపేసింది. మా పెద్దవాళ్ళు అలాగే చాట్స్‌వర్త్ చేరారు. దూరమైన తన చెల్లెలిని తలచుకున్నప్పుడు మా అవ్వ "చెదిరిపోయాం" అనేది. "విస్తరించాం" అని ఆమె నోట నేను ఎన్నడూ వినలేదు.

ఆమె మాటే సరైనది. చెట్టు విస్తరిస్తుంది, కానీ మొదలును వదలదు. ఎండుటాకులు చెదిరిపోతాయి. చెదరగొట్టిన వాళ్ళ పనికి 'విస్తరణ' అనే అందమైన పేరు పెడితే, మన పెద్దలు పడ్డ బాధ ఆ పేరు కింద దాగిపోతుంది.

అయినా కథ అక్కడితో ఆగలేదు. చెదిరిన చోటనే వాళ్ళు గుళ్ళు కట్టుకున్నారు. 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. పగలంతా పని చేసి వచ్చి సాయంత్రం పిల్లలకు అక్షరాలు దిద్దించారు. దీన్ని మాత్రం నేను ధైర్యంగా విస్తరించడం అంటాను, ఎందుకంటే మళ్ళీ ఒక మొదలు నాటారు.

"నాకు ఇరవై మాటలే వచ్చు టీచర్" అని మీలో కొందరు సిగ్గుపడతారు. సిగ్గెందుకు? ఆ ఇరవై మాటలే మీ మొదలు. ఇరవై ఒకటోది ఈ రోజు వచ్చింది.

ఈ వారం ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి రెండు వాక్యాలు రాయండి. మీ కుటుంబం ఎక్కడ చెదిరిపోయింది? ఎక్కడ విస్తరించింది? తప్పులుంటే దిద్దుకుందాం. ముందు రాయండి.