చెల్లి వేలిముద్ర

2007లో రిజిస్ట్రారాఫీసులో మా చెల్లి బొటనవేలు మూడుసార్లు కాగితం మీద పెట్టింది. ముద్ర సరిగ్గా పడలేదు. అప్పటికి పదేళ్లుగా పలాసలో జీడి పిక్కలు కొట్టే పనికి వెళ్తోంది. ఎంత నూనె రాసుకున్నా జీడి సొన చర్మాన్ని తినేస్తుంది. వేళ్లు నల్లబడి, గీతలు అరిగిపోయాయి. నేనే ఆమె వేలు పట్టుకుని తడిగుడ్డతో తుడిచి, సిరా అద్ది, నాలుగోసారి గట్టిగా నొక్కాను. ముద్ర పడింది. నాన్న వదిలి వెళ్లిన మూడెకరాల తోటలో తన హక్కు వదులుకుంటున్నట్టు రాసిన దస్తావేజు అది.

సాయంత్రం కాశీబుగ్గలో ఆమెకి చీర కొన్నాను. "నాకు తోటెందుకు అన్నియ్యా, నువ్వుంటే సాలు" అంది. ఆ మాట విని నా కళ్లు తడిశాయి. ఆ తడి నిజమైనదే. అందుకే ఇదంతా రాయాలనిపించింది.

'రక్త సంబంధం' చూసి వెక్కి వెక్కి ఏడ్చినవాణ్ణి నేను. 1962 నాటి సినిమా. మా ఊళ్లో తెర కట్టి వేసినప్పుడు చెల్లి నా పక్కనే చాప మీద కూర్చుంది. అన్న రామారావు, చెల్లెలు సావిత్రి. అదే ఏడాది 'గుండమ్మ కథ'లో వాళ్లిద్దరూ జంట. అయినా జనం వాళ్లని అన్నాచెల్లెళ్లుగానూ మనసులో పెట్టుకున్నారు. మాటలు ముళ్లపూడి వెంకటరమణ రాశారు. చివర ఒకరి వెంట ఒకరుగా ఇద్దరూ ప్రాణం విడుస్తుంటే మా వీధిలో ఆడా మగా తేడా లేకుండా ఏడ్చారు.

తర్వాత కూలి పనికి చెన్నై వెళ్లాను. పలాసలో మెయిలెక్కితే నేరుగా అక్కడే దిగడం. మేం కట్టే ఇంటి యజమాని గదిలో ఒక ఆదివారం టీవీలో 'పాసమలర్' వచ్చింది. తెలిసిన కథే. అసలుది అదేనని అప్పుడు తెలిసింది. 1961లో భీమ్‌సింగ్ తీశాడు. అన్న శివాజీ గణేశన్, చెల్లెలు అక్కడా సావిత్రే. ఒకే పాత్రకి రెండు భాషల్లో అంతగా ప్రాణం పోసిన ఆమెకి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. ఆ గదిలో తమిళ మేస్త్రీలూ నేనూ ఒకేచోట ఏడ్చాం. 'పాసం' అంటే వాళ్లకి ఆప్యాయత అని ఒకతను చెప్పాడు. మనకి పాశమంటే కట్టేసే తాడు. ఆ తేడా అప్పట్లో విని ఊరుకున్నాను.

అన్న త్యాగమే ఆ సినిమా నాకు నేర్పిందనుకున్నాను. చెల్లి కోసం ఏడ్చే అన్న మంచి అన్న. అంతవరకే పట్టుకున్నాను. చెల్లి పేరు మీద ఏముంది అన్న ప్రశ్న నాలో పుట్టలేదు. భీమ్‌సింగే అంతకుముందు 1959లో 'భాగ పిరివినై' తీశాడు. పేరుకి అర్థం భాగాల పంపకం. తెలుగులో అది 'కలసి వుంటే కలదు సుఖం' అయింది. ఇంటికి అడ్డంగా లేచే గోడ ఆ కథకి గుండెకాయ. అది అన్నదమ్ముల మధ్య గోడ. మా ఊళ్లోనూ భాగాలంటే మగపిల్లల లెక్కే. ఆడపిల్లకి పసుపు కుంకుమ.

నాకు చట్టం తెలియదనుకుంటే అబద్ధం. తెర మీద అన్నగా నన్ను ఏడిపించిన రామారావే ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, ఆంధ్రప్రదేశ్‌లో హిందూ కుటుంబాల ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకి మగపిల్లలతో సమానంగా హక్కు వచ్చింది. చట్టం 1986లో వచ్చినా, 1985 సెప్టెంబరు 5 నుంచే అమల్లోకి తెచ్చారు. ఆ తేదీకి ముందే పెళ్లయిపోయినవాళ్లకి వర్తించలేదు. మా చెల్లి పెళ్లి 1991లో. దస్తావేజు లేఖరి నాకు విడమరిచి చెప్పాడు: "ఆమె సంతకం లేకపోతే రేపు ఇబ్బంది." హక్కు లేని మనిషి సంతకంతో ఎవరికి పని? ఆమెకి వాటా ఉందని తెలిసే ఆ వేలు నొక్కించాను.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను వచ్చింది. తెల్లారేసరికి తాత నాటిన కొబ్బరి చెట్లు వేళ్లతో సహా పడున్నాయి. పనసలు, జీడిమామిడి కూడా. కరెంటు లేదు, నీళ్లు లేవు. మూడో రోజు చెల్లి పడిన మానుల మీదుగా నడుచుకుంటూ వచ్చింది. నెత్తిన బియ్యం, చేతిలో నీళ్ల క్యాను. మాటా పలుకూ లేకుండా ఒక్కో చెట్టు దగ్గరా ఆగి, మాను మీద చెయ్యి వేసి నిలబడింది. ఆ చెట్లు ఎక్కి లేత బొండాలు కోసింది చిన్నప్పుడు మేమిద్దరమే.

తర్వాత చెట్ల లెక్క కట్టారు. పాసుపుస్తకం ఎవరిదైతే పరిహారం వాళ్లకి. నాకే వచ్చింది.

అప్పటికే బావకి కిడ్నీలు పోయాయి. మా ఉద్దానం ప్రాంతంలో ఈ జబ్బు ఎందుకొస్తుందో ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. చదువు రానివాళ్లు కూడా క్రియాటినిన్ అంకె చెప్పగలిగే నేల ఇది. వారానికి రెండుసార్లు డయాలసిస్. ఆటో ఖర్చు, మందులు, ఆయన్ని తీసుకెళ్లిన రోజున పోయే చెల్లి కూలి. నేను అప్పుడప్పుడూ వెయ్యీ రెండు వేలూ ఆమె చేతిలో పెట్టేవాణ్ణి. పెట్టిన ప్రతిసారీ 'రక్త సంబంధం' అన్నలా నా మనసు నిండేది. ఆ డబ్బు ఆమెకి రావలసిన చెట్ల కాయలమ్మిన డబ్బే. ఆమె తలొంచుకుని తీసుకునేది. ఆ తలొంపు కూడా నేను పెట్టిందే.

2020లో బావ పోయాడు. దినాలయ్యాక మేనగోడలు నన్నొక్కటే అడిగింది. "మామా, అమ్మకి ఆ వాటా ఉండుంటే, తాకట్టు పెట్టైనా నాన్నని విశాఖ తీసుకెళ్లేది కదా?" విశాఖ వెళ్తే బతికేవాడో లేదో నాకు తెలియదు. ఆ పిల్ల బతుకు గురించి అడగలేదు, ప్రయత్నం గురించి అడిగింది. జవాబు చెప్పలేక తోటలోకి వెళ్లిపోయాను.

మరో మూడేళ్లు పట్టింది నాకు. ఇంట్లో వద్దన్నారు. కొడుకు పది నెలలు మాట్లాడలేదు. వాళ్ల మీద నెపం వేయను, ఆలస్యం నాది. 2023లో సగం తోట, బావి ఉన్న వైపు, చెల్లి పేర సెటిల్‌మెంటు దస్తావేజు రాశాను. ఈసారి ముద్ర యంత్రం మీద పెట్టాలి. పిక్క కొట్టే పని మానేసి రెండేళ్లయినందుకేమో, ఒకేసారికి పడింది.

బయట వేపచెట్టు కింద కూర్చున్నాక ఆమె కాగితాలు ఒళ్లో పెట్టుకుని చాలాసేపు పలకలేదు. "ఆయనున్నప్పుడు ఇత్తే..." అని ఆగిపోయింది. నేను అన్నది ఒక్కటే: "అవును."

ఇప్పుడు తన వైపు నలభై కొబ్బరి మొక్కలు నాటింది. నాటు రకం కాపుకి రావాలంటే ఆరేడేళ్లు పడుతుంది. పొద్దున్నే సుమ్మాదేవి స్టేషన్ మీదుగా బండి పోయే వేళకి బావి దగ్గర గిలక చప్పుడవుతుంది. ఆమె నీళ్లు తోడుతుంది, నేను మోస్తాను.